గోడ మీది పాలగిన్నె

మొండితనం నాకు కొత్త కాదు. ఒంటెల మధ్య బతికేవాడికి అది తిండితో పాటు వచ్చేదే. పడుకున్న ఒంటె లేవనంటే చుట్టూ తిరిగి బతిమాలతాను, తిడతాను, ఆఖరికి పక్కన కూర్చుని నేనే ఏడుస్తాను. అది మాత్రం మేత నములుతూ నావైపు చూస్తుంది. అలాంటి నన్ను కూడా ఏడిపించిన మనుషులు మదీనాలో ఇద్దరున్నారు. దేవుడి దయవల్ల ఆ ఇద్దరూ ఒకే గోడకి చెరోపక్కన కాపురం ఉంటారు. ఆ గోడ నా దొడ్డికి ఎదురుగానే ఉంది.

నా పేరు దిరార్. ఊరి చివర జకాత్ ఒంటెల దొడ్డి చూసుకునేది నేనే. మందలున్నవాళ్లు ఏటా పేదల వంతుగా ఇచ్చే ఒంటెలు ఇక్కడికి వస్తాయి. వాటి తొడ మీద వాత పెడతాం. వాత పడ్డాక అవి పేదవాళ్లవి. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పాలు పితికి, గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్లకి పోస్తాను. ఆ పాలలో నాకు ఒక్క చుక్క కూడా హక్కు లేదు. నా జీతం ఏడాదికోసారి ధాన్యంగా ఇస్తారు. అది కరువు ఏడాది. జీతం సంగతి అడిగితే అందరూ ఆకాశం వైపు చూపించేవాళ్లు.

ఎదురింటి ముసలాయన వర్దాన్. ఒకప్పుడు దైవప్రవక్త వంశంలోని ఒక ఇంట్లో బానిస, తర్వాత వాళ్లే విడుదల చేశారు. ఆ వంశంవాళ్లు జకాత్ ముట్టకూడదు. వాళ్లు విడుదల చేసినవాడు కూడా వాళ్లలో ఒకడే లెక్క, కాబట్టి ఆయనా ముట్టకూడదు. ఆ ఇంటి తోటల్లో ఆయనకి ఒక్క చెట్టు రాలేదు గాని, ఆ ఇంటి నిషేధం మాత్రం పూర్తిగా వచ్చింది. ఆ ఇంటి మగవాళ్లంతా సైన్యంతో ఇరాక్ వైపు వెళ్లిపోయారు. వర్దాన్ అల్లుడు కూడా అదే ఇంటి మనిషే, వాళ్లతోనే వెళ్లాడు. ఇక్కడ మిగిలింది ముసలాయన, ఆయన కూతురు రయ్తా, దానికి కొత్తగా పుట్టిన ఆడపిల్ల.

రయ్తాకి పాలు పడలేదు. తినడానికి ఉంటే కదా పడేది. పక్క వీధిలో బాలింత ఒకామె కొన్నాళ్లు పసిదానికి పాలిచ్చింది. ఆమె బిడ్డకే చాలకపోతుంటే మానేసింది. మా ఇంట్లో అడుగున మిగిలిన ఎండు ఖర్జూరాలు తీసుకెళ్లి ఇచ్చాను. అవి నా సొంతం కనుక ముసలాయన తీసుకున్నాడు. కానీ ఖర్జూరాలు ఎన్నాళ్లు వస్తాయి? మొదట్లో ఆ పసిదాని ఏడుపు నా దొడ్డిలోకి వినపడేది. తర్వాత సందులోకి వస్తే గాని వినపడలేదు. ఆ తర్వాత గుమ్మం దగ్గర నిలబడితేనే వినపడేది.

ఇవతల నా దొడ్డిలో పాలున్నాయి. తమ పిల్లని వదిలితే పాలు చేపే ఒంటెలు ఇంకా మిగిలాయి. నా చేతిలో నిండు బొక్కెన, ఎదురింట్లో ఎండిపోయిన తల్లి, మధ్యలో ఒక సందు. అది నేను దాటలేకపోయాను.

దాటడానికి ప్రయత్నించలేదని ఎవరూ అనుకోవద్దు. ఒకరోజు గిన్నె నింపి, మీద గుడ్డ కప్పి తీసుకెళ్లాను.

"బాబాయ్, మా ఇంటి ఒంటె పాలు. నా సొంత ఒంటె. పిల్లకి తాగించు" అన్నాను.

ముసలాయన గుడ్డ కూడా తియ్యలేదు. "నీ ఒంటె ఎండిపోయిందని ఊరంతా ఏడ్చావు కదయ్యా. మసీదులో నమాజు చేసుకోనివ్వకుండా నా పక్కన కూర్చుని మరీ ఏడ్చావు."

"మళ్లీ ఇస్తోంది."

"ఈనకుండానే?"

నాకు అబద్ధం ఆడటం చేతకాదు, ఆడినా ముందు రోజు ఏడ్చింది గుర్తుండదు. గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చాను. వరసలో వాళ్లు నన్ను దొంగని చూసినట్టు చూశారు.

మర్నాడు ఇంకో దారిలో వెళ్లాను. జకాత్ అంటే పేదలకే కాదు, అప్పులపాలైనవాళ్లకీ ఉంది, బాటసారులకీ ఉంది, మొత్తం ఎనిమిది రకాలవాళ్లకి ఉంది. "బాబాయ్, నీకు అప్పులున్నాయా?" అని అడిగాను.

"ఎవరిస్తారు నాకు అప్పు?"

"పోనీ బాటసారివి అవ్వు. కూతుర్నీ మనవరాల్నీ తీసుకుని ఊరి బయటికి వెళ్లు. కాసేపు కూర్చుని తిరిగి రా. దుమ్ము కొట్టుకుని వస్తావు కదా, నేను ముందుకొచ్చి అయ్యో బాటసారీ అని పాలు పోస్తాను."

ముసలాయన నా నుదురు మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఎండలో తిరగకు నాయనా. నువ్వు ఏ పేరుతో పోసినా అది జకాతే. ఎనిమిది గుమ్మాలున్నాయి, నిజమే. మాకు మాత్రం ఎనిమిదీ మూసే ఉన్నాయి."

"మరి పిల్ల పోతేనో?"

ఆయన నా నుదురు మీంచి చెయ్యి తీసేశాడు. లోపల రయ్తా బిడ్డని ఒళ్లో వేసుకుని కూర్చుంది. నావైపు చూడలేదు. తండ్రి మాట కాదని ఒక్క మాటన్నా అంటుందేమో అని చూశాను. అది ఆయన కూతురు కదా, అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. సందులోకి వచ్చి అక్కడున్న రాయిని కాలితో తన్నాను. రాయి కదల్లేదు, నా వేలు వాచింది.

కుంటుకుంటూ ఖజానా దగ్గరికి వెళ్లాను. అక్కడ ఇయాస్ అని కాపలా మనిషి ఉండేవాడు. తాళంచెవి మెళ్లో వేసుకుని, గుమ్మానికి అడ్డంగా కూర్చుని, ఎవరొచ్చినా ముందు లేదు అని, తర్వాత ఏం కావాలని అడిగేవాడు. నన్ను చూసి కూడా "లేదు" అన్నాడు.

"ముందు విను. వర్దాన్ మనవరాలికి పాలు కావాలి. వాళ్లకి జకాత్ పనికిరాదు. వాళ్లకి రావలసినది వేరే ఉంటుంది కదా, యుద్ధాల్లో గెలిచిన సొమ్ములోంచి. అది ఇప్పించు."

"ఆ సొమ్ము వేరు, నీ సొమ్ము వేరు. రెండూ కలపకూడదు."

"కలపమని ఎవడన్నాడు? ఆయనది ఆయనకి ఇమ్మంటున్నాను."

ఇయాస్ లేచి తలుపు తీసి చూపించాడు. గది ఖాళీ. నేల కూడా శుభ్రంగా ఊడ్చి ఉంది. "వచ్చిందల్లా వచ్చిన రోజునే పంచేశారు. ఇక బహ్రెయిన్ నుంచి రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"ఒంటెలు నడిచినప్పుడు."

నా ఒంటెలు, వాడి ఒంటెలు, అన్నీ కలిసి నా ప్రాణం తీయడానికే పుట్టాయి. గుమ్మంలోనే కూలబడ్డాను. ఇయాస్‌కి కాస్త జాలి కలిగినట్టుంది, పక్కన కూర్చున్నాడు.

"దిరార్, ఒక సంగతి. నువ్వు ఒక పేదమనిషి గిన్నెలో పాలు పోశావు. పోశాక ఆ పాలు ఎవరివి?"

"ఆ మనిషివి."

"మరి ఆ మనిషి తన పాలు తీసుకెళ్లి వర్దాన్‌కి ఇస్తే?"

నేను లేచి నిలబడ్డాను. "అది జకాత్ కాదు."

"కాదు. కానుక. కానుక వాళ్లు తీసుకోవచ్చు. కాకపోతే నువ్వు పోసేటప్పుడు, ఇది తీసుకెళ్లి వర్దాన్‌కి ఇవ్వు అని పోయకూడదు. అలా పోస్తే అది ఆ మనిషి ఇచ్చినట్టు కాదు, నువ్వు ఆ మనిషి చేత మోయించినట్టు. తన ఇష్టంతో ఇవ్వాలి."

"అంటే నేను అడక్కూడదా?"

"పోసి నోరు మూసుకోవాలి."

నోరు మూసుకోవడం. నాకు అప్పగించవలసిన పని అదేనా? సరే, తిరిగొస్తూ ఆలోచించాను. వరసలో ఉన్నవాళ్లందరికీ పిల్లలున్నారు, గిన్నెడు పాలు వాళ్లకే చాలవు. ఒంటరి మనిషి ఒక్కతే ఉంది, లుబాబా పిన్ని. ఆవిడ మొగుడూ కొడుకులూ ఎప్పుడో పోయారు. వర్దాన్ గోడకి అవతల పక్క ఇల్లు ఆవిడదే, ఎందుకో గాని ఆయనతో ఆవిడకి మాటలు లేవు. ఇన్నేళ్లుగా వరసలో అందరికంటే చివర, ముసుగు ముక్కుదాకా లాక్కుని నిలబడేది. పాలు పోయించుకుని, తల వంచుకుని గోడల వెంబడే వెళ్లిపోయేది. ఆ గోడకి ఇటు పక్కన పసిది ఏడుస్తుంటే అటు పక్కన ఆవిడకి వినపడదా? ఒక్క మాట చూచాయగా అంటే చాలు అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆవిడ గిన్నెలో పాలు పోస్తూ, ఆకాశం వైపు చూసి, "పాపం, ఇరుగుపొరుగులో పసిపిల్లలు ఎలా ఉన్నారో" అన్నాను.

"ఎవరి ఇరుగుపొరుగు?" అంది పిన్ని.

"ఎవరిదైనా. మాటవరసకి."

"మాటవరసకి అయితే మీ ఇంట్లో అనుకో. నాకూ చెవులున్నాయి దిరార్. ఆ గోడ కూడా సన్నదే. అందుకే ఇటు మాట అటు వినపడుతుంది, అటు మాట ఇటూ వినపడుతుంది." గిన్నె గుండెకి ఆనించుకుంది. "వర్దాన్ అల్లుడు పిల్లవాడుగా ఉన్నప్పుడు గోడ అవతల ఆ ఇంట్లోనే పెరిగాడు. ఒకసారి నా గిన్నెలో పాలు తాగబోయాడు. మీ వర్దాన్ పిలిచి ఏమని చెప్పాడో తెలుసా? వద్దురా, అది జనాల మురికి అన్నాడు. నా గిన్నెలోది. నేను రోజూ తాగేది. నేను గోడ ఇవతల నిలబడి విన్నాను. మురికి వాళ్లకెందుకులే నాయనా, నేనే తాగుతాను."

అదీ సంగతి. ఈ ఇద్దరూ ఎందుకు మాట్లాడుకోరో ఊళ్లో ఎవరికీ తెలియదు, అప్పటిదాకా నాకూ తెలియదు. ఆ మాట పెద్దలు అనేదే. సంపదలోంచి జకాత్ తీస్తే మిగతాది శుభ్రమవుతుంది, కాబట్టి తీసింది కడిగిన మురికిలాంటిది అంటారు. ఆ ఇంటివాళ్లకి అందుకే కూడదంటారు. కానీ అది ఎవరి ముందు అనాలో ఎవరి ముందు అనకూడదో చూసుకోవద్దా? వరసలో నిలబడి తాగేవాళ్ల చెవిన పడితే ఎలా ఉంటుంది?

బొక్కెన అక్కడే పడేసి వర్దాన్ ఇంటికి పరిగెత్తాను.

"బాబాయ్, పిన్ని తాగే పాలని మురికి అన్నావా?"

ముసలాయన తల దించుకున్నాడు. "అన్నాను. కుర్రవాడికి అర్థం కావాలని పెద్దల మాట చెప్పాను. ఆవిడ అక్కడుందని తెలియదు. తర్వాత ఆవిడ ముఖం చూస్తే తెలిసింది."

"తెలిసీ ఇన్నేళ్లు ఊరుకున్నావా?"

"ఏమని చెప్పను? ఆ మాట అబద్ధం అని చెప్పలేను. నీ గురించి కాదు అని చెబితే ఆవిడ నమ్మదు."

"సరే, ఇప్పుడు వెళ్లి చెప్పు. అటుపక్కకి నాలుగు అడుగులు. తప్పయింది అను."

"ఇప్పుడా? ఇప్పుడు చెబితే పాల కోసం చెప్పినట్టుంటుంది."

నేను తల పట్టుకుని కూర్చున్నాను. "ఆవిడ ఇస్తే అది కానుక అవుతుందని నీకు తెలుసా?"

"తెలియకేం? ఆ ఇంట్లోనే కదా పెరిగాను."

"తెలిసి నాతో ఎందుకు చెప్పలేదు? నన్ను ఊరంతా తిప్పావు. నా వేలు చూడు, ఎలా వాచిందో."

"కానుక అడిగి తీసుకునేది కాదు కదయ్యా" అన్నాడు ముసలాయన. ఆ గొంతులో మొండితనం వెతికాను. లేదు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఒకాయన అడగడు. ఒకావిడ ఇవ్వదు. నేను చెప్పకూడదు. ఈ ముగ్గురి మర్యాదల మధ్య ఒక పసిప్రాణం. ఆ రాత్రి మా ఆవిడ రొట్టె పెడితే తినలేక, ఆవిడ మీద అరిచాను. ఆవిడ తిరిగి అరిచింది. అది కూడా నా ఖాతాలోనే పడింది.

మర్నాడు పాలు పితికేటప్పుడు నా మనసు మనసులో లేదు. ఒంటె కూడా చేపలేదు, దాని పిల్లని మళ్లీ వదలవలసి వచ్చింది. వరస కదిలింది. ఎవరితోనూ మాట్లాడకుండా పోసుకుంటూ వచ్చాను. చివరికి లుబాబా పిన్ని వచ్చింది. గిన్నె చాపలేదు.

"ఇవాళ ఏడుపు వినపడలేదు" అంది.

నేను నోరు మూసుకున్నాను. ఇయాస్ చెప్పాడు కదా.

"నిన్నే. పొద్దుట్నుంచి గోడ దగ్గరే కూర్చున్నాను. ఏడుపు వినపడలేదు. పోయిందా?"

"ఉంది. ఏడవడానికి ఓపిక లేదు."

పిన్ని ముసుగు వెనక్కి తోసింది. ఇన్నేళ్లలో ఆవిడ ముఖం నేను సరిగా చూడటం అదే. "పొయ్యి" అంది. పోశాను. అంచుదాకా నింపాను. ఆవిడ గోడల వెంబడి కాకుండా సందు మధ్యలోంచి, పాలు తొణకకుండా రెండు చేతులా పట్టుకుని నడిచింది. నేను బొక్కెన వదిలేసి వెనకే వెళ్లాను. చెప్పకూడదన్నారు గాని, చూడకూడదని ఎవరూ అనలేదు.

పిన్ని తన పెరట్లోకి వెళ్లి గోడ పక్క రాయి ఎక్కింది. "వర్దాన్" అని పిలిచింది. అటునుంచి ముసలాయన తల కనిపించింది. ఇన్నేళ్ల తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ముసలివాళ్లైపోయారు. ఆ సంగతి ఇద్దరికీ అప్పుడే తెలిసినట్టుంది.

పిన్ని గిన్నె ఎత్తి గోడ మీద పెట్టింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. "దిరార్ నాకు పోశాడు. అప్పుడు ఇది జకాత్. నా గిన్నెలో పడ్డాక నాది. మురికి ఏమన్నా ఉంటే ఈ గిన్నెలో అడుగుకి పోయింది, అది నేను కడుక్కుంటాను. ఇవి నా పాలు. నీ మనవరాలికి నా కానుక."

ఆ 'నా' అనేమాట ఆవిడ ప్రతిసారీ ఒత్తి పలికింది. ఎన్నేళ్లుగానో ఆవిడ ఎవరికీ ఏమీ ఇచ్చి ఎరగదు. ఇవ్వడానికి ఏదైనా ఉంటే కదా.

ముసలాయన రెండు చేతులూ గోడ మీదికి వచ్చాయి. "లుబాబా, ఆ రోజు నేనన్న మాట..."

"ముందు గిన్నె పట్టుకో. నా చేతులు లాగుతున్నాయి. ఆ మాట ఇన్నేళ్లు ఆగింది, రేపటిదాకా ఆగదా?"

ఆయన పట్టుకున్నాడు. లోపలికి వెళ్లడం వినిపించింది. తల్లి తాగితేనే కదా పిల్లకి పాలు పడేది, రయ్తా తాగుతున్న చప్పుడు గోడ మీదుగా మా ఇద్దరికీ వినిపించింది. ఊపిరి తీసుకోకుండా తాగింది. పిన్ని రాయి మీదే నిలబడింది. నేను ముక్కు చీదుకున్నాను. ఎందుకురా ఏడుస్తావు అని ఆవిడ నన్ను కసిరింది.

కాసేపటికి గిన్నె గోడ మీదికి తిరిగి వచ్చింది. ఖాళీగా రాలేదు. సగం పాలు అలాగే ఉన్నాయి.

"ఇదేమిటి?" అంది పిన్ని.

"కానుకకి మారు కానుక" అన్నాడు ముసలాయన. "నువ్వూ ఏమీ తినలేదు కదా."

"నేను తిన్నాను."

"తినలేదు. ఆ గోడ సన్నదే. నీ ఇంట్లో పొయ్యి వెలిగితే నాకు తెలుస్తుంది."

"వద్దంటుంటే."

"నా కానుక వద్దంటావా?"

గిన్నె అటు వెళ్లింది, ఇటు వచ్చింది. మళ్లీ అటు వెళ్లింది. పాలు కింద పడిపోతాయేమో అని నాకు చెమటలు పట్టాయి. తాగి చావండి అని ఆఖరికి అరిచాను. ఇద్దరూ ఒకేసారి తిరిగి, నీకేం సంబంధం అన్నారు. అన్నేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే.

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. గిన్నె గోడ ఎక్కుతుంది, దిగుతుంది. క్షమాపణ సంగతి ఏమైందో నాకు తెలియదు, అడిగితే నీకేం సంబంధం అంటారని అడగలేదు. కొన్నాళ్లకి బహ్రెయిన్ ఒంటెలు కూడా నడిచాయి, ముసలాయన వంతు ముసలాయనకి వచ్చింది. అయినా ఆ గిన్నె ఆగలేదు.

ఆ ఒంటెలు రాకముందే ఒక సాయంత్రం నేను పాలు పితుకుతుంటే ఎదురింట్లోంచి ఏడుపు వినపడింది. గుమ్మం దాటి, సందు దాటి, దొడ్డిలోకి వచ్చింది. ఒంటె చెవులు నిక్కించింది. నా చేతులు ఆగిపోయాయి. అంత గట్టి గొంతు ఆ పసిదానికి ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు.

వరస చివర కలకలం మొదలైంది. లుబాబా పిన్ని ముసుగు భుజం మీదికి తోసుకుని, మనుషుల్ని పక్కకి నెట్టుకుంటూ ముందుకి వస్తోంది. ఎవరో, "పిన్నీ, వరసలో రావాలి కదా" అన్నారు.

"మీరు తాగడానికి వచ్చారు, ఆగండి" అంది. గిన్నె నా ముందుకి చాపింది. "నిండా పొయ్యి దిరార్. తొందరగా. నాకు ఇవ్వవలసిన ఇల్లు ఒకటుంది."